నాన్నగారితో మాట్లాడినందుకు

ఉద్యోగం మానేసి పియానోలు శ్రుతి చేసే పనిలో చేరిన నన్ను నాన్నగారు చివరికి ఒప్పుకున్నారు. నిజానికి సరేనన్న మాట ఆయన నోట రాలేదు. "పనిముట్ల సంచి వానకు తడవనివ్వకు" అన్నారు. మా ఇంట్లో దాన్ని ఒప్పుకోవడమనే అంటారు.

మొదటి కృతజ్ఞత పిన్నికి. రెండేళ్లు నేను ఆయనతో వాదిస్తూనే ఉన్నాను. "ఆయన బెంగ పరువు గురించి కాదురా. రేపు నీ చెవి మందగిస్తే ఎలా బతుకుతావని. ఒక్కసారైనా అడిగావా?" అని పిన్ని అనేదాకా నాకు తట్టలేదు. అడిగాను. అదే బెంగ. నా దగ్గర జవాబు లేదు.

జవాబు మా మాస్టారి దగ్గర ఉంది. నేను అడగకుండానే ఆయన నాన్నగారిని పని చేసే చోటికి పిలిపించుకున్నారు. తీగలను కొట్టే సుత్తుల ఫెల్టు (ఒత్తిన ఉన్ని) మార్చడం, మీటల కదలిక సరిచేయడం లాంటి, చెవి మీద అంతగా ఆధారపడని పని ఎంత ఉంటుందో, శ్రుతి చూపే పరికరాలు ఎలా ఉంటాయో ఓపికగా చూపించారు. నాన్నగారు జీవితమంతా ఖాతాలు రాసిన మనిషి. "మీటలు 88, తీగలు సుమారు 230 అంటున్నారు. లెక్క ఎలా కుదురుతుంది?" అని నిలదీశారు. మంద్రంలో మీటకు ఒకటో రెండో తీగలు, పైన మూడేసి అని మాస్టారు విప్పి చూపించాక గానీ శాంతించలేదు.

తర్వాత మాస్టారు ఒక మీటకున్న మూడు తీగల్లో ఒకదాన్ని ఫెల్టు ముక్కతో నొక్కిపెట్టి, మిగిలిన రెండూ మోగించారు. ఒకటి సెకనుకు 440 కంపనాలు, రెండోది 442. మోత ఉబ్బుతూ, తగ్గుతూ వినిపించింది. బడిలో విస్పందనాలని చదివి మరిచిపోయినవే. నాన్నగారు చేతి గడియారం విప్పి, పది సెకన్లు లెక్కపెట్టి, "20" అన్నారు. మాస్టారు తీగ చుట్టిన మేకును రవ్వంత తిప్పారు. ఊగిసలాట నెమ్మదించి, ఆగిపోయింది. రెండు తీగలూ ఒకే గొంతయ్యాయి.

"ఇంకోసారి చేయండి" అన్నారు నాన్నగారు.

మాస్టారూ, ఆ మధ్యాహ్నం మీ పనంతా ఆగిపోయింది. ఆ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు. ఈ రెండేళ్లూ నా గోడు విన్న స్నేహితులకూ నమస్కారాలు.

నాన్నగారు బంధువులకు మాత్రం నేను "శబ్దశాస్త్ర నిపుణుణ్ణి" అని చెబుతున్నారట. నేను సరిదిద్దడం లేదు.