ఒడియా కాగితం మీద వేలిముద్ర

సంపాదకుడు గారికి,

పర్లాకిమిడి దగ్గర ఒక రైస్ మిల్లులో గత నెల మా తమ్ముడి కుడిచేతి రెండు వేళ్లు బెల్టులో పడి తెగిపోయాయి. ఆ బెల్టుకు రక్షణ కంచె లేదు. కదిలే యంత్రానికి కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది.

వాడు ఆసుపత్రి మంచం మీద ఉండగానే యజమాని మనిషి వచ్చి, పది వేలు చేతిలో పెట్టి ఒడియా కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. మాకు ఒడియా మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఇక ఏమీ అడగబోమని అందులో రాశారట! నష్టపరిహారం హక్కును అలా రాయించుకున్నా చెల్లదని 1923 నాటి చట్టం నుంచీ ఉంది. కాంట్రాక్టు కూలీకైనా అంతే. ఈ సంగతి మాకు చెప్పినవారే లేరు.

కార్మిక శాఖ ప్రతి మిల్లు గేటు దగ్గర ఈ హక్కులను తెలుగులో కూడా రాయించాలి.

- ఒక కార్మికుడి అన్న, గజపతి జిల్లా, ఒడిశా