రానని ముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

డేటింగ్ యాప్‌ల గురించి పత్రికల్లో ఎప్పుడు చదివినా డబ్బు మోసాలు, దొంగ ప్రొఫైళ్లే కనిపిస్తాయి. అవి రాయాల్సినవే. కానీ పైసా పోకుండానే మనిషిని నలిపేసేది ఇంకొకటుంది. రోజు, టైమ్ ఖాయం చేసుకున్నాక చెప్పాపెట్టకుండా రాకపోవడం. దాని గురించే ఈ ఉత్తరం.

నాకు 37 ఏళ్లు. విడాకులైన మూడేళ్లకి, అక్క పోరు పెడితే ఒక యాప్‌లో చేరాను. ఒకాయనతో 19 రోజులు మాట్లాడాను. వాళ్లమ్మగారి మోకాళ్ల ఆపరేషన్, మా ఆఫీసులో ఆడిట్ టెన్షన్, అన్నీ చెప్పుకున్నాం. ఆదివారం సాయంత్రం ఐదింటికి కలుద్దామని ఆయనే అన్నారు. నేను పది నిమిషాలు ముందే వెళ్లి, తలుపు కనిపించేలా కూర్చున్నాను. ఐదుంబావుకి పక్క టేబుల్ అబ్బాయి వచ్చి "ఈ కుర్చీ తీసుకోవచ్చాండీ?" అన్నాడు. "ఒకరు వస్తున్నారు" అన్నాను. ముప్పావుకి మళ్లీ వచ్చాడు. ఈసారి ఏమీ అడగలేదు, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నా వైపు చూశాడు. తీసుకోమన్నాను.

పొరపాటున వచ్చే ఆదివారం అన్నారేమోనని యాప్ తెరిచాను. ఆయన పేరే లేదు. అన్‌మ్యాచ్ చేసేశారు, అంటే యాప్‌లో మా జత తెంచేశారు. దాంతో 19 రోజుల మాటలూ నా ఫోన్‌లోంచి పోయాయి. ఎక్కడ తేడా వచ్చిందో వెతుక్కోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వనిది ఒకటే అనుమానం. అసలు రాలేదా, లేక వచ్చి దూరం నుంచి నన్ను చూసి వెళ్లిపోయారా? ఈ ప్రశ్నకి నాకు ఇప్పటికీ జవాబు లేదు.

ఇలా మాయమవడానికి ఘోస్టింగ్ అని పేరు. 2017లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువులోకి కూడా ఎక్కింది ఆ మాట. పేరుందని అది మామూలు విషయమైపోదు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు కూడా ఇలాగే చేస్తే, యాప్‌లలో ఇవన్నీ ఉంటాయిలే అని స్నేహితురాలు తేలిగ్గా అనేసింది. నేను అలా అనుకోలేకపోతున్నాను.

రానివాళ్లందరూ చెడ్డవాళ్లని నేననడం లేదు. చాలామందిది భయం. వారాల తరబడి చాట్ చేసేసరికి ఎదుటి మనిషి గురించి మనసులో ఒక బొమ్మ తయారవుతుంది. కలిస్తే అది చెదిరిపోతుందేమోనని ఆఖరి గంటలో కాళ్లు కదలవు. ఇది నాకెలా తెలుసంటే, నాలుగోసారి వెనకడుగు వేసింది నేనే. "జ్వరంగా ఉంది" అని టైప్ చేశాను. చెరిపేశాను. ఇరవై నిమిషాల తర్వాత ఇలా పంపాను: "ఎవరినైనా కలవడానికి నా మనసింకా సిద్ధంగా లేదండి. నిన్ననే చెప్పాల్సింది, క్షమించండి." వెంటనే జవాబు వచ్చింది. "చెప్పినందుకు థాంక్సండీ. నేనింకా బయల్దేరలేదు." ఒక మనిషి బయల్దేరకముందు చెప్పగలిగానని ఎంత తేలికపడ్డానో.

అసభ్యంగా మాట్లాడినవాళ్లకీ, భయపెట్టినవాళ్లకీ మాత్రం ఎవరూ ఏ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. వెంటనే బ్లాక్ చేయాలి. నేను అడిగేది మర్యాదగా మాట్లాడుకున్నవాళ్ల గురించి.

ఇప్పుడు వారం దాటి చాటింగ్ సాగదీయను. కలిసే ముందురోజు పది నిమిషాలు వీడియో కాల్ మాట్లాడతాను. ఫొటోలో ఉన్న మనిషేనా కాదా అన్నదీ తేలుతుంది, ఇద్దరికీ బెరుకూ తగ్గుతుంది. ఆ రోజు పొద్దున్నే "సాయంత్రం వస్తున్నారు కదా" అని నేనే అడుగుతాను. మధ్యాహ్నానికి జవాబు లేకపోతే ఇల్లు కదలను. వెళ్తే ఇరవై నిమిషాలు చూసి, ఒక్కసారి ఫోన్ చేసి, లేచి వచ్చేస్తాను. నిజంగా పని పడ్డవాళ్లు ఇంకో రోజు తామే చెప్తారు. "ఎప్పుడైనా చూద్దాం" అన్నవాళ్ల కోసం ఎదురుచూడటం మానేశాను.

యాప్‌లు నడిపేవాళ్లు కూడా కొంచెం ఆలోచించాలి. 2014లో వచ్చిన బంబుల్ అనే డేటింగ్ యాప్, జత కుదిరాక 24 గంటల్లో పలకరించాలని నియమం పెట్టింది. పలకరింపుకే గడువు పెట్టగలిగినప్పుడు, కలుద్దామనుకున్న రోజుని యాప్‌లోనే నమోదు చేసుకుని, "వస్తున్నాను", "రాలేను" అని రెండు బటన్లు పెట్టడం కష్టమా? నోరు తెరిచి చెప్పలేనివాళ్లు కనీసం బటన్ నొక్కుతారు.

ఈ శనివారం ఒకరిని కలవాల్సి ఉంది. వీడియోలో మాట్లాడుకున్నాం, మాట నెమ్మదిగా ఉంది. పొద్దున నేనే మెసేజ్ పెడతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు
(నా పేరు ప్రచురించవద్దని మనవి)