బావా, డాచౌకి గైడ్‌ని పెట్టుకోవాలా అని అడిగావు కదా

బావా,

ఉత్తరం అందింది. మ్యూనిక్‌లో ఉండే మూడు రోజుల్లో ఒకరోజు నాజీల నాటి డాచౌ కాన్సంట్రేషన్ క్యాంపుకి కేటాయించావంటే సంతోషం. ప్రైవేట్ గైడ్‌కి డబ్బు పెట్టడం దండగేమో, మనమే వెళ్ళి చూసుకుని వచ్చేస్తే చాలదా అన్నావు. నా మాట విని గైడ్‌ని పెట్టుకో. అక్కడ కంటికి కనిపించేది చాలా తక్కువ బావా. కంకర పరిచిన పెద్ద మైదానం, ఒక పొడుగాటి భవనం, రెండు బారకాసులు (ఖైదీల్ని ఉంచిన పొడుగాటి షెడ్లు), వాటి వెనక వరసగా సిమెంటు గట్ల మధ్య పోసిన రాళ్ళు, అంతే. చెప్పేవాళ్ళు లేకపోతే అరగంటలో చివరిదాకా నడిచేస్తారు, ఏమీ చూడకుండానే బయటికొచ్చేస్తారు.

అయితే ఏ గైడ్‌ని పడితే ఆ గైడ్‌ని కాదు. ఆ క్యాంపు ఇప్పుడు స్మారకం. లోపల గుంపుకి చెప్పాలంటే గైడ్‌కి ఆ స్మారకం వాళ్ళ శిక్షణా, అనుమతీ ఉండాలి. మ్యూనిక్ ఊరంతా తిప్పి చూపించే గైడ్ ఎంత మాటకారి అయినా, ఆ అనుమతి లేకపోతే గేటు బయటే నాలుగు మాటలు చెప్పి మిమ్మల్ని లోపలికి పంపి, తను టీ తాగుతూ కూర్చోవాల్సిందే. అందుకని బుక్ చేసే ముందే సూటిగా అడుగు: డాచౌ స్మారకం అనుమతి ఉందా? ధర మనిషికా, మొత్తం గుంపుకా? రైలు టికెట్లు అందులో కలిశాయా? చెప్పిన గంటలు మ్యూనిక్ స్టేషన్‌ నుంచి లెక్కా, క్యాంపు లోపల లెక్కా? ఈ ఆఖరి ప్రశ్న మరిచిపోకు. ఐదు గంటల టూర్ అంటారు, రానూపోనూ ప్రయాణానికీ బస్సు కోసం నిలబడటానికీ గంటన్నరో రెండు గంటలో పోతుంది. లోపల మూడు గంటలకి తగ్గితే ఒప్పుకోవద్దు.

ఖర్చు మరీ ఎక్కువనిపిస్తే ఇంకో దారుంది. స్మారకం వాళ్ళే రోజూ ఇంగ్లీషులో టూర్లు నడుపుతారు. రెండున్నర గంటలు, టికెట్ అక్కడే కొనుక్కోవచ్చు, చాలా చవక. మంచి గైడ్లే వస్తారు. కాకపోతే పెద్ద గుంపులో వెనకబడితే వినపడదు, నాన్నగారు వాళ్ళ నడకని అందుకోలేరు. ప్రైవేట్ గైడ్ అయితే ఆయన నడకకి తగ్గట్టు ఆగుతాడు, పాప అడిగినవాటికి నింపాదిగా జవాబిస్తాడు. నాన్నగారు కూడా వస్తున్నారు కాబట్టే ప్రైవేట్ అంటున్నాను. అది కూడా కొన్ని వారాల ముందే మాట్లాడుకో, ఆఖరి నిమిషంలో దొరకరు.

చిన్నోడిని తీసుకెళ్ళొద్దు. పన్నెండు పదమూడేళ్ళు నిండని పిల్లలకి అది తగిన చోటు కాదు. మీరు వచ్చేదాకా చెల్లెమ్మ వాణ్ణి డాయిచెస్ మ్యూజియంకి తీసుకెళ్తే, విమానాలూ యంత్రాలూ చూస్తూ పూటంతా గడిపేస్తాడు. పద్నాలుగేళ్ళ పాప రావచ్చు. కానీ వెళ్ళేముందు అక్కడేం జరిగిందో నువ్వు కూర్చోబెట్టి చెప్పు. శవాల ఫొటోలు హఠాత్తుగా ఎదురుపడకూడదు.

ప్రయాణం గురించి. మ్యూనిక్ సెంట్రల్ స్టేషన్‌లో ఎస్2 లోకల్ ఎక్కాలి, పెటర్స్‌హౌజెన్ వైపు కానీ ఆల్టోమ్యూన్‌స్టర్ వైపు కానీ వెళ్ళేది. ఇరవై ఐదు నిమిషాల లోపే. దిగాల్సింది డాచౌ బాన్‌హోఫ్. ఆల్టోమ్యూన్‌స్టర్ బండి ఎక్కితే ఆ తర్వాత డాచౌ ష్టాట్ అని ఇంకో స్టేషన్ వస్తుంది, పేరు చూసి చాలామంది అక్కడ దిగి ఇబ్బంది పడతారు. మన పేపర్లలో డాచౌ అని రాస్తారు కానీ అక్కడ అనౌన్స్‌మెంట్ 'దఖావ్' అని వినిపిస్తుంది, చెవులు సిద్ధంగా పెట్టుకో. స్టేషన్ బయట 726 నంబరు బస్సు, స్టాపు పేరు కాట్సెట్-గెడెంక్‌ష్టెట్టె. జర్మన్లు కాన్సంట్రేషన్ క్యాంపుని కాట్సెట్ అని పొట్టిగా అంటారు. టికెట్ ఎం-1 జోన్‌ది తీసుకో. ఎం జోన్ ఒక్కటే తీసుకుంటే డాచౌ చెల్లదు, చెకింగ్‌లో దొరికితే జరిమానా తప్పదు. గ్రూపు డే టికెట్ ఒకటే ఐదుగురు పెద్దవాళ్ళకి సరిపోతుంది, బస్సుకీ అదే. శని ఆదివారాల్లో ఊరి మధ్య లైన్లో మరమ్మతులు పెడుతుంటారు, ముందురోజు రాత్రి ఒకసారి చూసుకో. లోపలికి ప్రవేశం ఉచితం. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా, డిసెంబర్ 24 తప్ప రోజూ ఉంటుంది.

సూట్‌కేసులతో వెళ్ళొద్దు, కంకరలో చక్రాలు కదలవు. నాన్నగారికి మెత్తటి బూట్లు, గాలి ఆపే కోటు. చెట్టు నీడ కానీ గోడ చాటు కానీ లేని మైదానం అది, అక్టోబర్‌లో గాలి కోసేస్తుంది. పొద్దున్నే కడుపునిండా తిని వెళ్ళండి, స్మారకం లోపల తినకూడదు. తినాలంటే విజిటర్ సెంటర్ దగ్గర క్యాంటీన్ ఉంది.

ఇక లోపల. హిట్లర్ అధికారంలోకి వచ్చింది 1933 జనవరి 30న. ఎనిమిది వారాలు తిరక్కముందే, మార్చి 22న, మూతబడ్డ మందుగుండు ఫ్యాక్టరీలో ఈ క్యాంపు తెరిచారు. అప్పుడు మ్యూనిక్ పోలీసు అధిపతిగా ఉన్న హిమ్లర్ రెండు రోజుల ముందే పత్రికల వాళ్ళని పిలిచి చెప్పాడు. రహస్యమేమీ కాదన్నమాట. మొదట తెచ్చింది కమ్యూనిస్టుల్ని, సోషల్ డెమోక్రాట్లని, యూనియన్ వాళ్ళని. ఆ ఏడాదే ఐకె అనే కమాండెంట్ ఇక్కడ రాసిన శిక్షల నియమావళి తర్వాత మిగతా క్యాంపులన్నిటికీ నమూనా అయింది. 12 ఏళ్ళలో ఇక్కడికీ దీని 140 ఉపశిబిరాలకీ కలిపి 2 లక్షల మందికి పైగా వచ్చారు. కనీసం 41,500 మంది చనిపోయారు. 1945 ఏప్రిల్ 29న అమెరికన్ సైన్యం వచ్చి విడిపించింది.

గేటు దగ్గర గైడ్‌ని కాసేపు ఆపు. ఇనుప చువ్వల్లో 'ఆర్బైట్ మాఖ్ట్ ఫ్రై' అని ఉంటుంది, పని చేస్తే స్వేచ్ఛ వస్తుందని అర్థం. నువ్వు ముట్టుకునేది అసలుది కాదు. అసలు తలుపుని 2014 నవంబర్‌లో దొంగలు ఎత్తుకుపోయారు. రెండేళ్ళ తర్వాత నార్వేలో బెర్గెన్ దగ్గర దొరికింది. ఇప్పుడది మ్యూజియం లోపల ఉంది, గేటుకున్నది నకలు. మంచి గైడ్ ఈ సంగతి తనే చెప్తాడు. ఏది అసలు, ఏది తర్వాత కట్టింది అని ప్రతిచోటా విడదీసి చెప్పేవాడే అక్కడ పనికొచ్చే గైడ్. బారకాసుల విషయంలోనూ అంతే. మొత్తం 34 ఉండేవి. ఇప్పుడు నిలబడి ఉన్న రెండూ 1965లో స్మారకం తెరిచినప్పుడు కొత్తగా కట్టినవి. లోపలి మంచాలు కూడా నమూనాలే. అది చెప్పకుండా 'ఇదిగో ఈ మంచం మీదే పడుకునేవారు' అని కథ మొదలుపెట్టాడా, వాడి మిగతా మాటలు కూడా సగమే నమ్ము.

నమూనాలైనా ఆ మంచాలు జాగ్రత్తగా చూడండి. ఒక్కో గది ఒక్కో కాలానిది. మొదటి గదిలో మనిషికో పడక విడిగా ఉంటుంది. ఆఖరి గదికి వచ్చేసరికి మధ్యలో అడ్డుపలకలు కూడా ఉండవు, మూడంతస్తుల చెక్క అరలు మాత్రమే. 6,000 మంది కోసం కట్టిన క్యాంపులో ఆఖరి రోజుల్లో 30,000 మందికి పైగా ఉన్నారు. 200 మందికని కట్టిన బారకాసులో 2,000 మంది దాకా కుక్కారు. 1944 చలికాలంలో టైఫస్ జ్వరం వచ్చిందంటే ఎందుకు వేలమందిని తుడిచిపెట్టిందో ఆ గదిలో వేరే చెప్పక్కర్లేదు. పేను ఒకరి ఒంటి మీద నుంచి ఇంకొకరి ఒంటి మీదకి పాకడానికి జానెడు దూరం కూడా లేదు.

పొడుగాటి భవనంలో ఉన్న మ్యూజియం మొత్తం చదవాలంటే ఒక రోజు చాలదు. బోర్డులన్నీ జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. గైడ్‌తో ఉన్నప్పుడు వాటిని చదువుతూ నిలబడొద్దు. కొత్త ఖైదీల బట్టలూ పేర్లూ తీసేసుకుని నంబరిచ్చిన గది, స్నానాల గది, ఈ రెండూ చాలు. ఆ స్నానాల గదిలో చేతులు వెనక్కి కట్టి వేలాడదీసేవారు. భవనం వెనక ఉన్న జైలు మాత్రం వదలొద్దు, తొందరలో ఉన్న టూర్లు దాన్ని ఎగ్గొడతాయి. గియోర్గ్ ఎల్జర్ అనే వడ్రంగిని అక్కడ ఉంచారు. 1939 నవంబర్ 8న మ్యూనిక్ బీరు హాల్లో హిట్లర్‌కి బాంబు పెట్టినవాడు. ఆ రాత్రి హిట్లర్ 13 నిమిషాల ముందు లేచి వెళ్ళిపోయాడు, బతికిపోయాడు. ఎల్జర్‌ని ఐదేళ్ళు జైళ్ళలో ఉంచి, 1945 ఏప్రిల్ 9న ఇక్కడ కాల్చేశారు. విడుదలకి 20 రోజుల ముందు.

మైదానంలో ఒక గోడ మీద రంగు త్రికోణాల శిల్పం ఉంటుంది. ఖైదీల చొక్కాల మీద కుట్టిన గుర్తులవి: రాజకీయ ఖైదీలకి ఎరుపు, యెహోవా సాక్షులకి ఊదా, ఇలా. అందులో గులాబీ, నలుపు, ఆకుపచ్చ రంగులు కనపడవు. స్వలింగ సంపర్కులనీ, 'సంఘానికి పనికిరానివాళ్ళు' అనీ, నేరస్థులనీ ముద్ర వేసి తెచ్చినవాళ్ళని 1968లో ఆ స్మారకం పెట్టినప్పుడు బాధితుల లెక్కలోకి తీసుకోలేదు. చచ్చిపోయాక కూడా వాళ్ళని పక్కకే నెట్టారన్నమాట. ఈ సంగతి పాపకి చూపించమని గైడ్‌కి చెప్పు.

చివరికి, వాగు దాటితే శవదహనశాల. ఇక్కడే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. అందులో 'స్నానాల గది' అని రాసిన గ్యాస్ చాంబర్ ఉంది, నిజమే. కానీ డాచౌలో గ్యాస్‌తో సామూహికంగా చంపలేదు. 1944లో కొద్దిమందిని అందులో చంపారని బతికిన ఖైదీ ఒకరి సాక్ష్యం ఉంది, అంతవరకే. పక్కనున్న చిన్న గదుల్లో జైక్లోన్-బి అనే విషవాయువు వాడింది బట్టల్లో పేలు చంపడానికి. చంపడానికే కట్టిన ఆష్విట్స్-బిర్కెనావ్‌కీ దీనికీ తేడా అది. నాటకీయంగా ఉంటుందని ఈ రెంటినీ కలిపేసే గైడ్లుంటారు. అలా కలిపితే, 'అసలేమీ జరగలేదు' అని వాదించేవాళ్ళకి మన చేత్తోనే కర్ర ఇచ్చినట్టు. జరిగింది జరిగినట్టు చెప్తేనే గుండె ఆగిపోయేంత ఉంది బావా. పనికిరారని పక్కనపెట్టిన 2,500 మందికి పైగా ఖైదీల్ని ఆస్ట్రియాలో లింజ్ దగ్గర హార్ట్‌హైమ్ కోటకి తోలి అక్కడ గ్యాస్‌తో చంపారు. 1945 మొదట్లో బొగ్గు అయిపోయి ఆ పొయ్యిలు ఆగిపోతే, శవాల్ని లైటెన్‌బెర్గ్ అనే గుట్ట మీద గుంటలు తీసి పూడ్చారు.

శవదహనశాల దగ్గరే మనం తప్పక ఆగాల్సిన ఒక ఫలకం ఉంది. నూర్ ఇనాయత్ ఖాన్ పేరున్నది. ఆమె తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడా సంగీత విద్వాంసుడు, టిప్పు సుల్తాన్ వంశం వాడు. వయసులో ఉన్నప్పుడు మన హైదరాబాద్‌లో ఉండి నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఎదుట పాడాడు, సూఫీ గురువు కూడా ఆయనకి అక్కడే దొరికాడు. ఆయన కూతురు బ్రిటిష్ వాళ్ళ రహస్య వైర్‌లెస్ ఆపరేటర్‌గా 1943 జూన్‌లో ఫ్రాన్స్‌లో దిగింది. జట్టులో మిగతావాళ్ళు వరసగా పట్టుబడుతుంటే వెనక్కి రమ్మన్నా రాకుండా పారిస్ నుంచి సందేశాలు పంపుతూనే ఉంది. ఎవరో ఆమెని జర్మన్లకి పట్టిచ్చారు. గొలుసులతో కట్టి నెలల తరబడి ఒంటరిగా ఉంచి, 1944 సెప్టెంబర్ 13న మరో ముగ్గురు ఆడవాళ్ళతో కలిపి డాచౌలో కాల్చేశారు. 30 ఏళ్ళు. చాలామంది గైడ్లు అడిగితే తప్ప ఆ పేరెత్తరు. ముందే మెసేజ్‌లో రాయి, నాన్నగారికి హైదరాబాద్ సంగతి నువ్వే చెప్పు.

ఫొటోలు తీసుకోవచ్చు, సొంతానికైతే ఎవరూ అడ్డుచెప్పరు. గేటు ముందూ పొయ్యిల ముందూ నిలబడి మాత్రం వద్దు. చుట్టుపక్కల నిలబడినవాళ్ళలో తాతనో ముత్తాతనో అక్కడ పోగొట్టుకున్నవాళ్ళు ఉండొచ్చు.

ఓపికుంటే ఇంకొకటి. క్యాంపుకి రెండు కిలోమీటర్ల దూరంలో హెబర్ట్స్‌హౌజెన్ అని ఎస్ఎస్ (క్యాంపుల్ని నడిపిన నాజీ సాయుధ దళం) వాళ్ళ తుపాకీ సాధన మైదానం ఉంది. 1941-42లో పట్టుబడ్డ సోవియట్ సైనికుల్ని 4,000 మందికి పైగా అక్కడ నిలబెట్టి కాల్చారు. తెలిసిన పేర్లు పొడవాటి పలకల మీద చెక్కారు. మామూలు టూర్లు అటు వెళ్ళవు కాబట్టి జనం ఉండరు. నాన్నగారు అలిసిపోకపోతే గైడ్‌ని ముందే అడిగి, తిరుగు ప్రయాణానికి బస్సు బదులు టాక్సీ మాట్లాడుకుని అటుగా స్టేషన్‌కి రండి. ఆ సాయంత్రానికి ఇంకేమీ పెట్టుకోవద్దు. గైడ్ జవాబిచ్చాక ధరా గంటలూ నాకు రాయి, ఒకసారి చూసి చెప్తాను.

చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు. నాన్నగారికి నమస్కారాలు.

ఉంటాను బావా.