మిరియాల వాసన వేసే వైన్ గురించి బాబాయికి

గ్రేట్ వెస్టర్న్, విక్టోరియా, ఆస్ట్రేలియా
ఏప్రిల్ మొదటి వారం

బాబాయ్,

నమస్కారం. నేనిక్కడ క్షేమం. నువ్వు, పిన్ని, పిల్లలు బాగున్నారని తలుస్తాను. మొన్న ఫోన్‌లో "ఒక్క సీసా రెండు వందల డాలర్లేమిటే, అందులో అంత ఏముంది?" అని అడిగావు కదా. అది ఫోన్‌లో తేలే మాట కాదు. పైగా పాడేరు సంతల్లో ఇన్నేళ్లుగా మిరియాలు కొంటున్న మనిషివి, నీకు తీరిగ్గా చెప్పాలనిపించింది. అందులో ఉన్నది నీ సరుకే బాబాయ్.

నేను పనిచేసే చోట చేసేది షిరాజ్ అనే నల్ల ద్రాక్షతో ఎర్ర వైన్. ఇదే ద్రాక్షని దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా లోయలో కూడా పండిస్తారు. అక్కడ ఎండ ఎక్కువ. పండు త్వరగా తీపెక్కుతుంది, వైన్ చిక్కగా, జామ్‌లా, ఘాటుగా వస్తుంది. మాది కొండల దగ్గరి చలి ప్రాంతం. పగలు ఎండ కాసినా రాత్రికి స్వెట్టర్ వేసుకోవాల్సిందే. ఆ చలికి పండులో పులుపు నిలబడుతుంది, తీపి నెమ్మదిగా ఎక్కుతుంది. వాళ్ల కోత అయిపోయి ట్యాంకులు కడుక్కునే రోజుల్లో మేమింకా తోటలో పళ్లు నమిలి చూస్తుంటాం. వచ్చే వైన్ అంత చిక్కగా ఉండదు, పుల్లపుల్లగా, తేలిగ్గా ఉంటుంది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే మన ఇంట్లో మిరియాల చారు మరుగుతున్నప్పటి వాసన. మొదటిసారి ఎవరో మిరియాలు కలిపారేమో అనుకున్నాను!

ఎవరూ కలపరు. ఆ వాసన ఎక్కడిదని ఇక్కడివాళ్లకీ చాలాకాలం అంతుపట్టలేదు. అడిలైడ్‌లోని ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వెతికి వెతికి పట్టుకుని 2008లో ప్రకటించారు. ఆ వాసననిచ్చే పదార్థం పేరు రోటండోన్. మిరియాల్లోనూ అదే ఉంది, ద్రాక్ష తొక్కలోనూ అదే ఉంది. తమాషా ఏమిటంటే, వేల ఏళ్లుగా ఓడల్లో తిరిగిన మిరియానికి ఆ వాసన ఎందుకొస్తుందో తేలింది కూడా ఈ వైన్ పరిశోధనలోనే. నోట్లో మంట పుట్టించేది వేరే పదార్థం, పైపరిన్. అది వైన్‌లో ఉండదు. అందుకే వాసన మిరియానిదే గానీ కారం ఉండదు.

ఇంకో సంగతి విను. ఈ రోటండోన్‌ని అంతకు చాలా ముందే, 1960ల్లో, తుంగ దుంపల్లోంచి తీశారు. అవును, నాన్న చేలో ఎంత పీకినా మళ్లీ లేచే ఆ తుంగే. నాన్నకి చెప్పు, నవ్వుకుంటాడో తిట్టుకుంటాడో.

ఇది ఎంత ఉంటే ముక్కుకి తెలుస్తుందో లెక్క వేసి చూశాను. ఎర్ర వైన్‌లో లీటరుకి 16 నానోగ్రాములుంటే చాలట. అంటే ఒక్క గ్రాము ఆరు కోట్ల లీటర్లకి సరిపోతుంది. అయినా దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరి ముక్కుకి ఇది అసలు తగలదు, చాలా ఎక్కువ పోసినా అంతే. మా సెల్లార్‌లో పీపాలు చూసుకునే పెద్దాయన అలాంటివాడే. వైన్‌లో రవ్వంత తేడా వచ్చినా పసిగడతాడు, ఈ మిరియం ఒక్కటీ ఆయనకి అందదు. "అందరూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారు" అంటాడు.

చలికీ దీనికీ లంకె ఉంది. గుత్తికి వేడి ఎక్కువసేపు తగిలితే రోటండోన్ తగ్గిపోతుంది. చల్లటి ఏడాదిలో, ఆకుల నీడలో ఉన్న పండులో ఎక్కువ. మా దగ్గరున్న మౌంట్ లాంగి గిరాన్ తోటలో దీని మీద చాలా పరిశోధన జరిగింది. ఒకే తోటలో ఒక మూలకీ ఇంకో మూలకీ, ఒకే గుత్తిలో ఎండ వైపుకీ నీడ వైపుకీ కూడా తేడా కనబడిందట. ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపు నుంచి పోతాడు, కాబట్టి దక్షిణం వాలే చల్లన. అక్కడి పండు కోసం అందరికీ ఆరాటం.

పొద్దున్నే నా పని ఆ వాలు మీదే. ముందు బూట్లు మందు నీళ్ల తొట్టిలో ముంచాలి. తర్వాత వరస వెంట నడుస్తూ ఈ పక్క నాలుగు, ఆ పక్క నాలుగు పళ్లు కోసి కవర్లో వేసుకుంటాను. మన హైదరాబాద్ పక్కల ఉండే పందిళ్లు కావు, తీగలు నడుం ఎత్తున వరసగా తీగె కంచెకి కట్టి ఉంటాయి. కవర్ని చేత్తోనే పిసికి ఒక చుక్క రసం చక్కెర చూసే గొట్టం మీద వేస్తాను. ఆ తర్వాత తొక్క నమిలి, గింజ ఉమ్మి దాని రంగు చూడాలి. గింజ ఆకుపచ్చగా ఉంటే ఇంకా ఆగాలి, గోధుమ రంగుకొస్తే కోతకి దగ్గర. రోటండోన్ కొలిచే మెషీన్ మా లాబ్‌లో లేదు. దానికి నాలుకా ముక్కే.

ఆ బూట్లు ముంచడం వెనక పెద్ద కథే ఉంది. ఫైలాక్సెరా అని వేళ్లు తినే చిన్న పురుగు, 1877లో గీలాంగ్‌లో బయటపడి విక్టోరియాలో ఎన్నో తోటల్ని తుడిచిపెట్టింది. మా వైపు రాలేదు. రానివ్వకూడదని ఇప్పటికీ ఈ జాగ్రత్త.

పురుగు రాకపోబట్టే పాత తీగలు మిగిలాయి. ఇక్కడ బంగారం దొరికిన రోజుల్లో జోసెఫ్ బెస్ట్, హెన్రీ బెస్ట్ అని అన్నదమ్ములు గని పనివాళ్లకి మాంసం అమ్మేవాళ్లు. బంగారం తగ్గాక ఇద్దరూ ద్రాక్ష పెట్టారు. జోసెఫ్ అయితే పని పోయిన గని కూలీల చేతనే నేల కింద సొరంగాలు తవ్వించి వైన్ దాచాడు. హెన్రీ 1868లో నాటించిన షిరాజ్ తీగలు ఇంకా కాస్తున్నాయి. 1920 నుంచి ఆ తోట థామ్సన్ కుటుంబానిది. ఆ ముసలి తీగల పండుతో, బాగా కుదిరిన ఏడాదిలో మాత్రమే చేసే సీసా ధరే నువ్వు విన్నది. నన్నడిగితే ఆ ధరలో సగం తీగ వయసుకి. పదో వంతు ధరకి దొరికే మామూలు సీసాలోనూ ఆ మిరియం బాగానే పలుకుతుంది.

షిరాజ్ ద్రాక్ష ఇరాన్‌లో అదే పేరున్న ఊరి నుంచి వచ్చిందని ఇక్కడ కూడా కొందరు కథలు చెబుతారు. నమ్మకు. డీఎన్ఏ చూస్తే తల్లీ తండ్రీ రెండూ ఫ్రాన్స్ ద్రాక్షలే. 1832లో జేమ్స్ బస్బీ అనే ఆయన యూరప్‌లో తిరిగి ఆస్ట్రేలియాకి తెచ్చిన కొమ్మల్లో ఇదీ ఒకటి.

ఇప్పుడు నీకో పని. ఈ ఏడాది ఎండబెట్టిన మిరియాల్లో, సిల్వర్ ఓక్ నీడ బాగా ఉన్న చోట కోసినవి, ఎండ పడే చోటివి విడివిడిగా రెండు పొట్లాలు కట్టించు. పిన్ని చేత కళ్లు మూయించి వాసన చూపించు. మిరియంలో కూడా నీడకి తేడా వస్తుందేమో నాకు తెలుసుకోవాలని ఉంది. రేపు దక్షిణం వాలు కోత, రాత్రి దాకా ఖాళీ ఉండదు. ఆదివారం ఫోన్ చేస్తాను, ఏ పొట్లం గెలిచిందో చెప్పు.

ఉంటాను.
చిట్టి