పిల్లల ఛాతీ మీద పెద్దల పందెం

సంపాదకులకు,

అయ్యా,

ముప్పై ఏళ్ల పైబడి ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఊరకే కూర్చోలేక ఉదయం పూట మా కాలనీ మైదానంలో పిల్లలకు క్రికెట్ నేర్పుతున్నాను. మొన్న ఆదివారం వాళ్లను వరుసలో నిలబెట్టినప్పుడు చూస్తే తొమ్మిది మంది భారత జట్టు పాత జెర్సీల్లో వచ్చారు. తొమ్మిదింటి మీదా ఛాతీకి అడ్డంగా డ్రీమ్11 అనే పేరే. వాళ్లలో అందరికన్నా చిన్నవాడికి ఎనిమిదేళ్లు. "ఇది ఏమిటో తెలుసా?" అని అడిగాను. "మన టీమ్ పేరు సార్" అన్నాడు.

నవ్వు వచ్చిన మాట నిజం. ఇంటికి వచ్చాక మాత్రం ఆ జవాబు నన్ను వదల్లేదు.

ఆ పేరు అప్పట్లో డబ్బు కట్టి ఆడిన ఫాంటసీ క్రికెట్ యాప్‌ది, అంటే నిజం ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి పోటీ పడే ఆటది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించాయి. ఆ కంపెనీ కూడా ఈ రెండు రాష్ట్రాల వాళ్లను డబ్బు పోటీల్లోకి రానివ్వలేదు. అయినా 2023 జులై నుంచి 2025 ఆగస్టు దాకా ఆ పేరు భారత జట్టు జెర్సీ మీద వెలిగింది. అంటే మన దగ్గర మీసాలు మొలిచిన వాళ్లకు కూడా వద్దన్న ఆట పేరును పాలపళ్లు ఊడని పిల్లలు రెండేళ్లు మోశారన్నమాట. చట్టం ఫోను దాకా వచ్చి ఆగింది, చొక్కా దాకా రాలేదు.

చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో కథ మారింది. డబ్బు ఆటలతో పాటు వాటి ప్రకటనలకు కూడా తలుపు మూసుకుంది. స్పాన్సర్ తప్పుకున్నాడు. సెప్టెంబరులో ఆసియా కప్‌కు మనవాళ్లు ఛాతీ మీద ఏ కంపెనీ పేరూ లేకుండానే వెళ్లారు, పాకిస్తాన్‌ను ఒకే టోర్నీలో మూడుసార్లు ఓడించి కప్పు గెలిచారు. జెర్సీ బోసిగా ఉందని ఒక్క అభిమాని బాధపడినట్టు నేను వినలేదు. ఐసీసీ టోర్నీల్లోనూ అంతే కదా, అక్కడ స్పాన్సర్ పేరు చేతి మీదికి పోతుంది, ఛాతీ మీద దేశం పేరు ఉంటుంది. (భారత జట్టు ఛాతీ ఎక్కిన కంపెనీకి శని పడుతుందని జనం ఇప్పటికే పరాచికాలాడుతున్నారు. సహారా, బైజూస్, ఇప్పుడిది. ఆ లెక్క వ్యాపారులు చూసుకుంటారు.)

ఆ మధ్యలోనే టైర్ల కంపెనీ ఒకటి కొత్త స్పాన్సర్‌గా ఖరారైంది. నాకేం అభ్యంతరం లేదు. టైరు పేరు చదివి ఎనిమిదేళ్లవాడు చెడిపోడు. ఆటకు డబ్బు కావాలని, ఆ డబ్బు కంపెనీల నుంచే రావాలని నాకూ తెలుసు. పాఠశాల జట్టుకు బ్యాట్లు కొనడానికి ఊళ్లోని ఎరువుల కొట్టు యజమాని దగ్గర చేయి చాచిన వాణ్ణి నేను. ఆయన పేరు మా పిల్లల బనియన్ల వెనుక అచ్చు వేయించాను కూడా. నా పేచీ ఒక్కదానితోనే. పిల్లవాడు కొనకూడని సరుకు పేరు పిల్లవాడి ఒంటి మీదికి ఎందుకు రావాలి?

ఇది కొత్త జబ్బు కాదు. 1996 ప్రపంచకప్‌లో మన లాల్‌బహదూర్ స్టేడియంలో వెస్టిండీస్, జింబాబ్వే ఆడినప్పుడు లారాను చూడాలని పోయిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ టోర్నీ పేరే విల్స్ వరల్డ్ కప్. సిగరెట్ పేరు. ఆ కాలంలో మన ఆటగాళ్ల చొక్కాల మీదా అదే పేరు. వ్యాయామ ఉపాధ్యాయుడినై ఉండి కూడా నాకది తప్పుగా తోచలేదు, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. 2001లో ఆ సంస్థ క్రీడల స్పాన్సర్‌షిప్ నుంచి తప్పుకుంది, 2003లో పొగాకు ప్రకటనలను నిషేధించే చట్టం వచ్చింది. సిగరెట్ వెళ్లిపోయింది కాని దాని అన్నదమ్ములు వేషం మార్చుకుని దొడ్డిదారిన వచ్చారు. పాత పేరుతోనే ప్రకటనల్లో గుట్కా యాలకులైంది, విస్కీ సోడా అయింది. ఐపీఎల్ వేదికల్లో పొగాకు, మద్యం ప్రకటనలను, ఈ మారువేషాల ప్రకటనలతో సహా ఆపాలని 2025 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఐపీఎల్ ఛైర్మన్‌కు లేఖ రాయవలసి వచ్చింది. మందు చీటీ రాయవలసిన శాఖ మైదానానికి ఉత్తరాలు రాస్తోంది.

నా మనవడితో కలిసి ఒక మ్యాచ్‌కు వెళ్లినప్పటి సంగతి చెప్తాను. గేటు దగ్గర మా మంచినీళ్ల సీసా లాక్కున్నారు, భద్రత అన్నారు, సరే. నాలుగు అడుగులు వేయగానే ఒక అమ్మాయి మా చేతుల్లో గాలి నింపి కొట్టుకునే ప్లాస్టిక్ గొట్టాలు రెండు, అట్టలు రెండు పెట్టింది. ఒక అట్ట మీద 4, రెండోదాని మీద 6. అంకె కింద ఒక పాన్ మసాలా కంపెనీ పేరు, పక్కన చిన్న అక్షరాల్లో 'యాలకులు'. సిక్సర్ పడ్డప్పుడల్లా మనవడు కుర్చీ ఎక్కి ఆ అట్ట ఊపాడు. ఒకసారి పెద్ద తెర మీద కూడా కనిపించాడు, ఇంట్లో వాళ్లు ఫోన్లు చేసి మురిసిపోయారు. దారి పక్కన బోర్డు పెట్టాలంటే కంపెనీ అద్దె కట్టాలి. మా వాడు ఎదురు టికెట్ కొనుక్కుని వెళ్లి మూడు గంటలు బోర్డుగా నిలబడ్డాడు. తేరగా వచ్చిన అట్ట ఖరీదు అది.

బ్రిటన్‌లో ఫుట్‌బాల్ జట్లు ఇదే చిక్కులో పడ్డాయి. జూదం కంపెనీల పేర్లు చిన్నపిల్లల సైజు జెర్సీల మీద వేయకూడదని అక్కడ ఏనాటి నుంచో కట్టడి ఉంది. అయినా మ్యాచ్‌లో ఆటగాడి ఛాతీ మీద కనిపిస్తూనే ఉంది కదా అన్న విమర్శ ఆగలేదు. చివరికి 2025-26 సీజన్ తర్వాత మ్యాచ్ చొక్కా ముందు భాగం నుంచే వాటిని తీసేస్తామని ప్రీమియర్ లీగ్ జట్లు 2023 ఏప్రిల్‌లో ఒప్పుకున్నాయి.

మన దగ్గర ఆ మొదటి మందు అసలు పనిచేయదు. 2023లో జట్టు జెర్సీలు విడుదలైనప్పుడు ఆటగాళ్లు తొడిగే రకం ధర రూ.4,999, అన్నిటికన్నా చవక రకం రూ.999. మా మైదానానికి వచ్చే పిల్లల తండ్రులు ఆటోలు నడుపుతారు, తాపీ పని చేస్తారు. వాళ్లు కొనేది దిల్‌సుఖ్‌నగర్ పేవ్‌మెంటు మీద, స్టేడియం గోడ పక్కన, రెండు వందలకు బేరమాడి. ఆ నకలు కుట్టేవాడికి పిల్లల సైజుల నియమాలు పట్టవు. టీవీలో కోహ్లి చొక్కా ఎలా కనిపిస్తే అలా అచ్చు గుద్దుతాడు. కాబట్టి పిల్లవాడి చొక్కా బాగుపడాలంటే కోహ్లి చొక్కా బాగుపడాలి. ఇంకో దారి లేదు.

డబ్బు పోతుందని వాదించేవాళ్లకు మన గోపీచంద్‌ను గుర్తు చేస్తాను. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి వచ్చాక శీతల పానీయం ప్రకటన కాళ్ల దగ్గరికి వస్తే, ఆరోగ్యానికి మంచిది కాదని వద్దన్నాడు. బ్యాడ్మింటన్‌లో అప్పుడున్న డబ్బెంతో అందరికీ తెలుసు.

క్రికెట్ బోర్డుకు ఇందులో తెలియనిదేమీ లేదు. 2025 సెప్టెంబరులో జాతీయ జట్టుకు కొత్త స్పాన్సర్ కోసం ప్రకటన ఇచ్చినప్పుడు మద్యం, పొగాకు, జూదం, డబ్బు ఆటల కంపెనీలు రావద్దని, మారుపేర్లతోనూ రావద్దని బోర్డు తానే షరతు పెట్టింది. నేను అడిగేది ఆ షరతునే ఐపీఎల్ జట్ల ఒప్పందాల్లోకి కూడా తెమ్మని. అలాగే ఉప్పల్‌లోనూ విశాఖలోనూ మ్యాచ్‌లకు అనుమతులిచ్చే పోలీసులు, నగరపాలక సంస్థలు గేటు దగ్గర పంచే ప్రతి అట్టనూ, టోపీనీ, జెండానూ ముందుగా తెప్పించుకుని చూడాలి. మంచినీళ్ల సీసాను అంత శ్రద్ధగా తనిఖీ చేసేవాళ్లకు అదేమంత కష్టం కాదు.

ఆ ఎనిమిదేళ్లవాడు నిన్న మళ్లీ వచ్చాడు. వాళ్లమ్మ ఆ పేరు మీద తెల్ల గుడ్డముక్క వేసి, నీలి దారంతో వాడి పేరు కుట్టింది. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. మిగతా ఎనిమిది మంది ఇప్పుడు తమకూ అలాంటిదే కావాలని నా ప్రాణం తీస్తున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
హైదరాబాద్