ఆల్బియన్ బస్సును ఇమ్లీబన్‌కు తీసుకురండి

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న దేవరకొండ నుంచి హైదరాబాద్ వస్తుంటే, జీరో టికెట్ చేతిలో పట్టుకుని కిటికీ పక్కన కూర్చున్న మా మనవరాలు అడిగింది: "తాతా, ఆర్టీసీ బస్సుల నంబర్లలో జెడ్ ఎందుకుంటది?" ముప్పై ఏళ్లకు పైగా కండక్టర్‌గా చేశాను. ఏ ప్రయాణికుడూ నన్ను ఈ మాట అడగలేదు. నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిన అక్షరమని నేను కొత్తగా చేరినప్పుడు సీనియర్ డ్రైవర్లు చెప్పేవారు. అదే చెప్పాను.

1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడిందని చాలామందికి తెలుసు. కానీ ఈ బండి అంతకు ముందే కదిలింది. 1932 జూన్‌లో, నిజాం రైల్వే కింద, 27 బస్సులు, 166 మంది సిబ్బందితో. ఆ సంస్థే పెరిగి పెరిగి 1999 నాటికి 18 వేలకు పైగా బస్సులతో గిన్నిస్‌కు ఎక్కింది. ఇదంతా పిల్లకు చూపించి చెబుదామంటే బస్టాండులో నాకేమీ దొరకలేదు. గౌలిగూడ పాత బస్టాండులో ఆ పెద్ద ఇనుప డోమైనా ఉండేది. 2018 జులైలో అదీ కూలిపోయింది. ముందే ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు పోలేదు. ఆ రోజు టీవీలో చూస్తూ ఏడ్చాను.

చెప్పుకోవాల్సింది బస్సుల లెక్కే కాదు. 1986లో నాకు నైట్ హాల్ట్ డ్యూటీ. రాత్రి తొమ్మిదింటికి ఆఖరి ఊరు చేరేవాళ్లం. బస్సు టాప్ మీద దుప్పటి పరుచుకుని, క్యాష్ బ్యాగు తల కింద పెట్టుకుని పడుకోవడమే. తెల్లవారుజామున నాలుగున్నరకు డ్రైవర్ హారన్ కొడితే ఊరు లేచేది. కూరగాయల గంపలు, పాల క్యాన్లు టాప్ ఎక్కేవి. కాన్పు నొప్పులతో ఉన్న మనిషిని కూడా ఆ బస్సులోనే దవాఖానకు తీసుకుపోయాం. ఒక చేత్తో టికెట్ల ట్రే పట్టుకుని, స్టేజీ స్టేజీకీ టికెట్ నంబర్లు ఎస్సార్‌లో, అంటే లెక్కల కాగితంలో, ఎక్కించాలి. కుదుపులకు అంకెలు వంకర పోయేవి. లెక్కలో రూపాయి తేడా వచ్చిందంటే డిపో చేరేదాకా ఒకటే టెన్షన్. ఇప్పుడు మిషన్ నొక్కితే టికెట్ వస్తుంది, మంచిదే. కానీ ఆ ట్రేలు, రంగురంగుల టికెట్ల కట్టలు పోతే మళ్లీ రావు.

నిజాం కాలం నాటి ఆల్బియన్ బస్సును ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్‌భవన్‌లో భద్రం చేశారు, సంతోషం. కానీ అక్కడికి మామూలు ప్రయాణికుడు ఏం పని మీద పోతాడు? దాన్ని ఇమ్లీబన్‌లోని మహాత్మాగాంధీ బస్టాండుకు తీసుకొచ్చి, పక్కన ఒక గది కేటాయించాలని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నేను వాడిన టికెట్ పంచ్ ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఆ గది తెరిచిన రోజు నేనే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత కండక్టర్,
దేవరకొండ, నల్గొండ జిల్లా