మీ మనవడి ఇంగ్లిష్ గురించి

లండన్

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని విని స్థిమితపడ్డాను.

మొన్న ఫోన్‌లో చిన్నా 'వుయ్ వాజ్' అనగానే మీరు 'వుయ్ వర్' అని దిద్దారు కదా, వాడు సాయంత్రం దాకా అలిగే ఉన్నాడు. మీ బాధ నాకు తెలుసు. కానీ వాడి క్లాసులో సగం మంది మాట్లాడేది అలాగే. త్రీని 'ఫ్రీ' అంటారు. వాటర్‌లో 'ట'ని గొంతులోనే మింగేస్తారు. బస్సులో పెద్దవాళ్ల నోటా అదే వింటాను. జమైకా, బంగ్లాదేశ్, నైజీరియాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలూ ఇక్కడి పిల్లలూ ఒకే బడిలో కలిసి పెరిగారు. వాళ్ల మధ్య పుట్టిన యాసకు భాషావేత్తలు 'మల్టీకల్చరల్ లండన్ ఇంగ్లిష్' అని పేరు కూడా పెట్టారు. అందులో దిస్, దట్ దాదాపు మన 'ద'తోనే పలుకుతాయి. నాలుక పళ్ల మధ్య పెట్టమని మీరు మా చేత ఎంత సాధన చేయించారో!

ఇంకోటి. 'ఆరింట్ యూ' అనాల్సిన చోట 'యూ ఆర్ కమింగ్, ఈజింట్ ఇట్' అని రాస్తే మీరు ఎర్ర ఇంకుతో కొట్టేసేవారు. ఇక్కడ ఏ వాక్యానికైనా చివర 'ఇన్నిట్' తగిలిస్తారు, అదే 'ఈజింట్ ఇట్'కి పొట్టి రూపం. మన 'కదా'కి లేని పట్టింపు దానికి మాత్రం ఎందుకు?

రాణిగారి ఇంగ్లిష్ అంటారేమో, ఆవిడదీ మారింది. ఎలిజబెత్ రాణి 1950లలో, 1980లలో ఇచ్చిన క్రిస్మస్ ప్రసంగాలు తీసుకుని ఆస్ట్రేలియాలోని పరిశోధకులు ఆవిడ అచ్చులు ఎలా పలికిందో కొలిచారు. ఆ ఫలితాలు 2000లో 'నేచర్' అనే సైన్స్ పత్రికలో వేశారు. ఆవిడ పలుకు తనకంటే చిన్నవాళ్ల, మామూలు జనం పలుకు వైపు కొంత జరిగిందట. అంతఃపురంలో ఉన్నావిడే ఆగలేకపోతే, రోజూ ఫుట్‌బాల్ ఆడే మనవాడు ఎలా ఆగుతాడు?

అలాగని బడిలో గ్రామర్ వదిలెయ్యలేదు. 2013 నుంచి ఇంగ్లండ్‌లో ఇయర్ సిక్స్ (పది, పదకొండేళ్ల) పిల్లలకి దానికి విడిగా పరీక్ష పెడుతున్నారు. మే నెలలో చిన్నా రాయాలి, నాకే టెన్షన్‌గా ఉంది. సబ్జంక్టివ్, అంటే ఊహించి చెప్పేటప్పుడు వాడే క్రియారూపం కూడా సిలబస్‌లో ఉంది. 'వుయ్ వాజ్' అనే పిల్లాడు 'ఇఫ్ ఐ వర్' ఎందుకంటారో నేర్చుకోవాలి! అది నా వల్ల అయ్యే పని కాదు. ఆదివారాలు ఒక అరగంట మీరే చెప్పండి. ఆ అరగంటలో ఎంతైనా దిద్దండి, మిగతా కబుర్లలో మాత్రం వాణ్ణి వదిలెయ్యండి.

మీ అమ్మాయి